లాలప్ప లెక్క

దగ్గరగా జరగండి. వెనకున్నవాళ్ళు ముందుకు రండి. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోండి. ముందు ఎర్రకొండ నరసింహసామికి ఒక దణ్ణం పెట్టండి. పెట్టారా? ఇక ఊ కొట్టండి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఎండలో ఎద్దులా కూలబడుతుంది, తోక మెలిపెట్టినా లేవదు.

అనగా అనగా, ఏ తాతకీ తారీఖు తెలియనంత వెనకటి మాట. ఊళ్ళోకి ఇంకా రొక్కం రాని కాలం. కొర్రలే కూలి, కొర్రలే బేరం, కొర్రలే అప్పు. ఆ కాలంలో ఎర్రకొండకి పోయే దారిలో ఓబుళమ్మ అనే ఆవిడ ఉండేది.

ఏముంది ఆవిడకి? ఒక పూరిల్లు. రెండు రెక్కలు. అత్తగారిచ్చిన ఒక ఇత్తడి గుండిగ. ఖాళీగా ఉంటే తలమీద పెట్టుకుని పోవచ్చు, నిండితే ఇద్దరు మగవాళ్ళు పట్టినా కదలదు. అంత పాత్ర అది.

మొగుడు సుంకన్న ఏమయ్యాడంటారా? పెళ్ళైన మూడో ఏడు, కరువు రోజుల్లో, సామి దర్శనానికి నడిచి పోతున్నాడు. నడినెత్తిన ఎండ. నాలుక పిడచగట్టింది. ఒక ఇంటి ముందు నిలబడి నీళ్ళడిగాడు. "చెంబుకి పిడికెడు కొర్రలు" అన్నారు ఆ ఇంటివాళ్ళు. సుంకన్న చేతిలో పిడికెడు కొర్రలు లేవు. సరేలెమ్మని నడిచాడు. కొండ కనిపించే మలుపు దాకా నడిచాడు. కొండకేసి చేతులెత్తాడు. అక్కడే పడిపోయాడు.

ఆ మలుపులోనే ఓబుళమ్మ నాలుగు గుంజలు పాతి చలిపందిరి వేసింది. ఏటా తిరునాళ్ళ ఏడు రోజులూ నడిచొచ్చే వాళ్ళకి మజ్జిగ పోసేది. ఎవరు తాగినా సరే, ఎంత తాగినా సరే. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని, "ఎంతియ్యాలమ్మా?" అని అడిగారో, ఆవిడకి ఒళ్ళు మండేది.

"దాహానికి లెక్క లేదు. తాగి పో!" అని కసిరేది.

ఒకరి దగ్గర ఏదీ ఊరికే తీసుకునేది కూడా కాదు. ఒక ఏడు ఊరిపెద్ద బాలిరెడ్డి కుండెడు పెరుగు పంపితే వచ్చిన దారినే వెనక్కి పంపింది. "ఇయ్యాల పెరుగు పంపుతాడు, రేపు 'మా మజ్జిగ' అంటాడు. నా రెక్కలున్నన్నాళ్ళు నా మజ్జిగే" అంది. ఏడాదంతా ఊరివాళ్ళ చేలల్లో కలుపు తీసి, కూలి గింజలు కూడబెట్టి, ఆ గింజలు గొల్లపల్లెలో ఇచ్చి పెరుగు తెచ్చేది. చిలికేది. పోసేది. ఇరవై ఏళ్ళు ఒక్క రోజు తప్పలేదు.

ఇక రెండో మనిషి దగ్గరికి వద్దాం. కళాయి లాలప్ప. దూదేకుల ఆయన. ఏ ఊరూ ఆయనది కాదు, అన్ని ఊళ్ళూ ఆయనవే. భుజాన కొలిమి తిత్తి, సంచిలో తగరం ముక్క, నవాసారం పొడి, పిడికెడు దూది. ఊరి బయట కానుగ చెట్టు కింద గుంట తవ్వి నిప్పు రాజేసేవాడు. పాత్రని వేడెక్కించి, నవాసారం చల్లి, తగరం తగిలించి, దూదితో ఇట్లా ఒక్క తిప్పు తిప్పాడంటే లోపలంతా వెండే. ఊరందరి పాత్రలూ మెరిపించేవాడికి సొంతానికి ఒక ముంత లేదు. కూడు ఆకులో తినేవాడు, నీళ్ళు దోసిట్లో తాగేవాడు.

తిరునాళ్ళప్పుడు ఓబుళమ్మ పందిరి దగ్గర ఆగేవాడు. మూడు దోసిళ్ళ మజ్జిగ తాగేవాడు.

"ఎంతియ్యాలక్కా?"

"దాహానికి లెక్క లేదు. తాగి పో!"

ఏటా ఇదే మాట. పదకొండేళ్ళు ఇదే మాట.

పన్నెండో ఏడు లాలప్పకి జ్వరమొచ్చి ఊళ్ళోకి రాలేదు. గుండిగకి కళాయి పడలేదు. మజ్జిగ పులుపు కదా, ఇత్తడికి పులుపు తగిలితే ఊరుకుంటుందా? ఆఖరి రోజుకి మజ్జిగ పచ్చగా తిరిగింది. తాగిన ఒక ముసలాయన పందిరి ముందే కక్కుకున్నాడు. ఓబుళమ్మ గుండె జారిపోయింది. దాహం తీర్చే చేత్తో విషం పోశానే అని ఏడాదంతా కుమిలింది. అందుకే ఈ ఏడు కానుగ చెట్టు కింద పొగ కనబడగానే గుండిగ నెత్తికెత్తుకుని పరుగెత్తింది.

"లాలప్పా, ఇంకా నాలుగు రోజులే ఉంది తిరునాళ్ళకి. ముందు నాది చూడు."

"చూస్తాలే అక్కా. రేపు రా."

ఆ రోజుకి ఆవిడింట్లో తొమ్మిది శేర్ల కొర్రలున్నాయి. రెండు శేర్లు కళాయికి, ఎప్పుడూ ఉన్న రేటే. ఏడు శేర్లు పెరుగుకి, రోజుకొక శేరు. ఆ పైన ఒక్క గింజ లేదు. ఈ లెక్క మీరూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ కావాలి.

మర్నాడు ఓబుళమ్మ కొంగున రెండు శేర్లు మూటగట్టుకుని, దారిలో తాగడానికి చెంబుతో నీళ్ళు పట్టుకుని పోయింది. గుండిగ ధగధగలాడుతోంది. చూసి ఆవిడ ముఖం విప్పారింది. మూట విప్పబోయింది.

"మూడు శేర్లక్కా" అన్నాడు లాలప్ప.

"ఏంది?"

"మూడు శేర్లు."

"రెండు కదప్పా ఎప్పుడూ?"

"రెండు కళాయికి. ఒకటి ఉప్పుకి."

"ఏ ఉప్పుకి?"

లాలప్ప గుండిగలోకి వేలు చూపించాడు. ఓబుళమ్మ వంగి చూసింది. అడుగున పిడికెడు రాళ్ళుప్పు.

"ఇదెందుకు వేసినావు?"

"ఖాళీ పాత్ర తిరిగియ్యమని మా అమ్మ నేర్పలేదక్కా."

"నేనడిగినానా?"

"నువ్వడగలేదు. మా అమ్మ నేర్పింది."

"పిడికెడు ఉప్పుకి శేరు కొర్రలా! ఏ సముద్రం నుంచి మోసుకొచ్చినావయ్యా?"

"ఉప్పు సముద్రం నుంచే కదక్కా వచ్చేది."

ఓబుళమ్మ పళ్ళు నూరింది. "నాకొద్దు. నీ ఉప్పు నువ్వు తీసుకో. చెయ్యి పట్టు."

లాలప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఉప్పు చేతికి చేతికి ఇయ్యకూడదక్కా. తగువొస్తుంది."

"తగువొస్తుందంట! ఇప్పుడు మనం చేసేదేంది, పెళ్ళి మాటలా? పోనీ నేల మీద పోస్తా."

"నేల మీదా? ఉప్పు నేలపాలు చేస్తే చచ్చినాక కనురెప్పలతో ఏరాలంట. నీకెందుకక్కా ఆ కష్టం?"

"నీ సంచిలో పోస్తా!"

"దేవుడి పేరు చెప్పి తీసింది మళ్ళీ సంచిలో వెయ్యను."

ఏ దేవుడు, ఏ పేరు, అని అప్పుడు అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కోపంలో ఉన్న మనిషికి చెవులుంటాయా? ఓబుళమ్మ చెంబులో నీళ్ళు పారబోసి, కొంగుతో తుడిచి, ఉప్పంతా అందులో పోసి, ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"ఇదిగో నీ ఉప్పు. ఇవిగో నా రెండు శేర్లు. నా గుండిగ నాకియ్యి."

"ఉప్పు లెక్క తేలలేదు కదక్కా" అన్నాడు లాలప్ప, ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మదే ఆవిడకి నిప్పు మీద నూనె పోసినట్టయింది.

"ఉండు. బాలిరెడ్డిని తీసుకొస్తా, నీ లెక్క ఆయనే తేలుస్తాడు!" అని మూట కట్టుకుని విసురుగా వెళ్ళింది. చెంబు అక్కడే ఉండిపోయింది.

బాలిరెడ్డి మంచివాడే. తీర్పు చెప్పేటప్పుడు చెయ్యి మీసం మీదే ఉంటుంది, ధ్యాసా అక్కడే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే ఓబుళమ్మ వెళ్ళేసరికి ఇత్తడి గిన్నెలో రాగి అంబలి తాగుతున్నాడు. ఆవిడ కేకలకి గిన్నె కింద పెట్టే తీరిక కూడా లేక, తాగుతూనే వెంట నడిచాడు. కానుగ చెట్టు కిందికి వచ్చేసరికి అంబలి అయిపోయింది. గిన్నె చేతిలోనే ఉంది.

ఓబుళమ్మ ముందు తన చెంబు చూసింది. చూసి తల పట్టుకుంది. చెంబు లోపలంతా వెండి. అందులో నాలుగు మిరపకాయలు. ఉప్పు మళ్ళీ గుండిగలోకే చేరింది.

"అయిదు శేర్లక్కా" అన్నాడు లాలప్ప.

"చెంబుకి కళాయి ఎవరు వెయ్యమన్నారు?"

"మకిలి పాత్ర తిరిగియ్యమని మా నాయన నేర్పలేదక్కా."

"ఈ మిరపకాయలు?"

"ఖాళీ పాత్ర తిరిగియ్యమని మా అమ్మ నేర్పలేదక్కా."

"మీ అమ్మా నాయనా నా ప్రాణానికొచ్చి పుట్టినారా ఏందప్పా!"

బాలిరెడ్డి మీసం దువ్వాడు. "ఇంత చిన్నదానికి నన్ను పిలవాలనా ఓబుళమ్మా? అడగకుండా వేసినవి వెనక్కిచ్చెయ్. లాలప్పా, ఈ మిరపకాయలు పట్టుకో."

"మిరపకాయలు చేతికి చేతికి ఇయ్యకూడదు రెడ్డీ. తగువొస్తుంది."

"నాకు తెలీదా? ఇదిగో, నా గిన్నెలో వేసిస్తున్నా" అని బాలిరెడ్డి మిరపకాయలు తన గిన్నెలోకి వంచి కొలిమి పక్కన పెట్టేశాడు.

"రెడ్డీ, గిన్నె అక్కడ పెట్టొద్దు!" అని ఓబుళమ్మ అరిచింది.

అప్పటికే పెట్టేశాడు.

"గిన్నెకేమైతాది? రేపొచ్చి తీసుకుంటాలే" అన్నాడు. తగువు తీరిపోయిందన్నట్టు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

గిన్నెకి ఏమయిందో మీరే చెప్పండి.

అవును, అదే. మర్నాడు, తిరునాళ్ళ ముందురోజు, వచ్చి చూస్తే రెడ్డి గిన్నె అద్దంలా మెరుస్తోంది. రెడ్డి అందులో తన మీసం చూసుకున్నాడు. మీసం మీద నూనె కదిలింది. అడుగున ఇంత ఆముదం పోసి ఉంది. మిరపకాయలు మళ్ళీ చెంబులోకే చేరాయి.

"ఏడు శేర్లక్కా" అన్నాడు లాలప్ప.

"మకిలి పాత్ర..." అని ఓబుళమ్మే అందుకుంది.

"మా నాయన నేర్పలేదక్కా."

"ఖాళీ పాత్ర..."

"మా అమ్మ నేర్పలేదక్కా. నూనె కూడా చేతికి చేతికి..."

"నోర్ముయ్!" అంది ఓబుళమ్మ. "రెడ్డి గిన్నెకి కూడా నేనే ఇయ్యాలనా?"

"నీ తగువుకే కదక్కా రెడ్డి వచ్చింది."

బాలిరెడ్డి ఆ మాట విని, అంతే కదా అన్నట్టు గబగబా తలూపాడు. తలూపినందుకు సిగ్గుపడ్డాడు కాబోలు, ఓబుళమ్మని చెట్టు అవతలికి పిలిచాడు.

"ఇట్ల కాదు గానీ ఓబుళమ్మా, నేనొక దారి చెప్తా. పదకొండేళ్ళుగా వీడు నీ మజ్జిగ తాగుతున్నాడు. ఏటికి మూడు దోసిళ్ళు. దోసిలికి ఇంత అని లెక్క కట్టు. వీడు నీకే బాకీ తేలతాడు. ఒక్క గింజ ఇయ్యకుండా గుండిగ తీసుకుపోవచ్చు. ఒక్క మాట అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ఓబుళమ్మ చెట్టు చాటు నుంచి తొంగి చూసింది. ఎదురుగా గుండిగ కనబడుతోంది. పొద్దు తిరిగితే తిరునాళ్ళ. ఒక్క మాట. అనేస్తే కొర్రలు మిగులుతాయి, గుండిగ వస్తుంది, మజ్జిగ నిండుతుంది.

నోటి దాకా వచ్చింది ఆ మాట. వచ్చి ఆగింది. చెంబుకి పిడికెడు కొర్రలని ఒకనాడు ఎవరో అన్నారే, ఆ మాటా ఈ మాటా ఒక్కటేనని ఆవిడకి తట్టింది.

"వద్దు రెడ్డీ. దాహానికి లెక్క కడితే ఇంక ఆ పందిరెందుకు? గుంజలు పీకి పొయ్యిలో పెట్టుకోవచ్చు" అంది. అని ఇంటికి నడిచింది.

దారిలో మలుపు దగ్గర ఆగింది. ఎదురుగా ఎర్రకొండ. కొండకేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. దణ్ణం పెట్టలేదు నాయనలారా. దులిపేసింది.

"సామీ, స్తంభం చీల్చుకుని వచ్చినావంట! అంత గట్టి స్తంభం చీల్చినోడివి, ఆ లాలప్ప బుర్ర కాస్త చీల్చి అందులో ఏముందో చూడలేవా? ఇరవై ఏళ్ళు నీ దారిలో మజ్జిగ పోసినా. ఒక్క రోజు ఏమన్నా అడిగినానా? కొండ మీద చల్లగా కూచుంటావు. కింద మేము ఉప్పుకీ మిరపకాయకీ కొట్టుకు చస్తుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

సామి నవ్వే ఉంటాడని నాకనిపిస్తుంది. భక్తులు తిట్టేటప్పుడే ఆయన దగ్గరగా జరిగి వింటాడంటారు.

ఓబుళమ్మ కళ్ళొత్తుకుని ఇంటికెళ్ళింది. కొర్రలు కొలిచి ఏడు శేర్లు వెదురు గంపలో పోసింది. రెండు శేర్లు కుండలో మిగిలాయి. గంప, శేరు కొలత పట్టుకుని మళ్ళీ కానుగ చెట్టు దగ్గరికి వచ్చింది. లాలప్ప చూపు గంప మీదికి పోయింది.

"చూడకు! ఇది వెదురుది. దీనికి కళాయి పట్టదు" అంది ఓబుళమ్మ.

బాలిరెడ్డి నవ్వబోయి ఆవిడ ముఖం చూసి మానుకున్నాడు.

ఆవిడ కూర్చుని, లాలప్ప పరిచిన గోనె మీద కొలిచి పోయడం మొదలుపెట్టింది.

"లాభం." కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభమనే అంటారు కదా. ఒక శేరు. "రెండు." రెండో శేరు. "మూడు." మూడో శేరు పోసేటప్పుడు గోనె అవతలికి నాలుగు గింజలు చెదిరాయి. ఆవిడ ఆ నాలుగు గింజలూ ఒక్కొక్కటే ఏరి గోనె మీద వేసింది.

లాలప్ప ఆ ఏరడం చూశాడు.

"అక్కా, ఇంట్లో ఇంకా ఉన్నాయి కదా?"

"నీకెందుకు? నీ లెక్క నీకొస్తోంది కదా."

"చెప్పక్కా."

"రెండు శేర్లున్నాయి. రెండు రోజుల పెరుగొస్తుంది. మూడో రోజు నుంచి నీళ్ళు పోస్తా. ఉత్త నీళ్ళకి కళాయి గుండిగెందుకని మాత్రం అనకు లాలప్పా. అన్నావంటే ఈ శేరు పెట్టి నీ నెత్తిన కొడతా."

లాలప్ప చటుక్కున ఆవిడ చేతిలోని శేరు పట్టుకున్నాడు. ఆయన ముఖం మసిబారిన పాత్రలా అయిపోయింది.

"ఇవి పెరుగు కోసం పెట్టిన కొర్రలా? నాకు తెలీదక్కా. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. నీకు గాదె ఉందనుకున్నా. లేకపోతే ఊరందరికీ ఊరికే ఎట్ల పోస్తావు?"

"గాదా! ఉన్నదంతా ఈ గంప!"

"మరి నేను నిన్నేం చెయ్యాలక్కా?" అని లాలప్ప కూడా గొంతు పెంచాడు. మూడు రోజులూ నెమ్మదిగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా అరిచాడు. "పదకొండేళ్ళు నా దోసిట్లో పోసినావు. ఏటా అడిగినా, ఎంతియ్యాలక్కా అని. ఏటా కసిరినావు. నేను బిచ్చగాణ్ణా? నాకు రెక్కల్లేవా? అందరి మజ్జిగలో నా పిడికెడు ఉప్పన్నా కలవాలని నాకుండదా? సామి పేరు చెప్పి సంచిలోంచి తీసినా. ఊరికే ఇస్తే తీసుకుంటావా నువ్వు? రెడ్డి పెరుగే తిప్పి పంపినావంట. నా ఉప్పొక లెక్కా? అందుకే వెల కట్టినా. వెల కట్టి ఇస్తేనన్నా నీ గుండిగలో పడుతుందని!"

ఓబుళమ్మ శేరు వదిలేసి నెత్తి కొట్టుకుంది.

"ఆ వెల శేరు పెట్టినావెందుకయ్యా, తిక్కలోడా? చిటికెడు పెట్టొచ్చు కదా!"

"తక్కువ పెడితే జాలి పడి తగ్గించినాడనుకుంటావని..."

"మరి నా ఏడు శేర్లు తీసుకుని ఏం చేద్దామనుకున్నావు?"

లాలప్ప తల గోక్కున్నాడు. "అంత దూరం ఆలోచించలేదక్కా."

బాలిరెడ్డి ఇక ఆగలేదు. కానుగ చెట్టుకి చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఓబుళమ్మకి నవ్వొచ్చిందా ఏడుపొచ్చిందా? రెండూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, ముందు తిట్టాల్సింది తిట్టింది. అది నేను చెప్పను, పిల్లలున్నారు. తర్వాత అంది:

"విను లాలప్పా. ఉప్పు నా చేతికియ్యొద్దు. నా ఇంటికి తేవద్దు. నా పాత్రలో పెట్టి నాకు అమ్మొద్దు. రేపు పొద్దున పందిరి దగ్గరికి రా. సామి మజ్జిగ సిద్ధంగా ఉంటుంది. నీ చేత్తో నువ్వే అందులో వెయ్యి. అది నీకూ సామికీ మధ్య మాట. నేను చూడను, అడగను, కొలవను. చెంబుతో కలిపి కళాయికి రెండు శేర్లు, అది నా మాట. సరేనా?"

లాలప్ప వేళ్ళు మడిచి సరిచూసుకున్నాడు. తల్లి నేర్పినదానికీ తండ్రి నేర్పినదానికీ ఎక్కడా అడ్డు రాలేదు.

"సరేనక్కా" అన్నాడు.

రెండు శేర్లు గోనె మీద ఉంచి, మూడోది తిరిగి గంపలో పోశాడు. ఓబుళమ్మ గుండిగ నెత్తికెత్తుకుంది. దానిలో చెంబు, చెంబులో మిరపకాయలు. ఉప్పు మాత్రం లాలప్ప ముందే ఆకులోకి తీసి తన దగ్గర ఉంచుకున్నాడు.

"మరి నా గిన్నె?" అన్నాడు బాలిరెడ్డి.

"ఒక శేరు కళాయికి. నూనె పందిరిలో సామి దీపానికి పొయ్యి రెడ్డీ, దానికి లెక్క లేదు" అన్నాడు లాలప్ప.

"నేనడిగినానా కళాయి వెయ్యమని?"

ఓబుళమ్మ, లాలప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మకిలి పాత్ర తిరిగియ్యమని..." అని ఇద్దరూ ఒక్కసారే అందుకున్నారు. బాలిరెడ్డి గింజలు పంపిస్తానని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు తిరునాళ్ళ. గుండిగ నిండా మజ్జిగ, పాలలా తెల్లగా. లాలప్ప స్నానం చేసి, తలకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. అందరూ చూస్తుండగా ఉప్పు వేశాడు, మిరపకాయలు నలిపి వేశాడు. బాలిరెడ్డి దీపంలో నూనె పోశాడు. ఆ ఏడు ఎవరి మజ్జిగా పచ్చబడలేదు, ఎవరి కడుపూ తిప్పలేదు. లాలప్ప మూడు దోసిళ్ళు తాగాడు. తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఎంతియ్యాలక్కా?"

"దాహానికి..." అని ఓబుళమ్మ మొదలుపెట్టింది. ఆయన ముఖం చూసి ఆగింది. గరిటెతో కాస్త తీసి నాలుక్కి రాసుకుంది.

"మజ్జిగకి లెక్క లేదు. ఉప్పు మాత్రం ఇంకా చాల్లేదు. వచ్చే ఏడు తెచ్చి వెయ్యి."

పదకొండేళ్ళలో మొదటిసారి లాలప్ప తృప్తిగా లేచాడు.

అట్లా ఏళ్ళు గడిచాయి. ఏటా కళాయి, ఏటా రెండు శేర్లు, ఏటా పిడికెడు ఉప్పు. ఏటా ఓబుళమ్మ నాలుక్కి రాసుకుని, "ఇంకా చాల్లేదు" అనేది.

ఒక ఏడు కానుగ చెట్టు కింద పొగ లేవలేదు. పచ్చబడ్డ మజ్జిగ మరిచిపోని ఓబుళమ్మ, గుండిగని పక్కూరి కళాయి ఆయన దగ్గరికి మోసుకెళ్ళి కళాయి వేయించుకొచ్చింది. తిరునాళ్ళ ముందురోజు గాడిదల మీద ఉప్పు అమ్ముకునే తిప్పన్న వచ్చాడు. చేతిలో ఒక చిన్న మూట.

"లాలప్ప పంపినాడమ్మా. ఏటి అవతల ఒక ఊళ్ళో జ్వరంతో పడిపోయినాడు. పోయే ముందు ఈ మూట నా పక్కన పెట్టి, పందిరి దగ్గర గుండిగలో వెయ్యమన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పమన్నాడు."

"ఏందది?"

"'ఈ ఏడు నేను కళాయి వెయ్యలేదు కాబట్టి రెండు శేర్లు ఇయ్యనక్కర్లేదని అక్కతో చెప్పు' అన్నాడు."

ఓబుళమ్మ మూట అందుకోలేదు. ఉప్పు కదా, చేతికి చేతికి ఇవ్వకూడదు. చిన్న చెంబు తెచ్చి కింద పెట్టింది. లోపల లాలప్ప వేసిన కళాయి ఇంకా మెరుస్తూనే ఉంది. తిప్పన్న అందులో మూట విప్పాడు.

"చచ్చేటప్పుడు కూడా లెక్కేనా నీకు, మొండోడా" అంది ఓబుళమ్మ. కళ్ళు ధారలు కట్టాయి. మర్నాడు తొలి గరిటె ముంచకముందే ఆ ఉప్పు గుండిగలో వేసింది. నాలుక్కి రాసుకుంది. అలవాటుగా, "ఇంకా చాల్లేదు" అనేసింది. అనేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

పందిరి కింద ఉన్న జనం చూశారు. ఎవరో ఒక ముసలమ్మ, దారి బత్తెం కోసం తెచ్చుకున్న మూట విప్పి, పిడికెడు ఉప్పు తీసి గుండిగలో వేసింది. "ఇది లాలప్ప లెక్కలో రాసుకో తల్లీ" అంది. ఆవిడ వెనక ఇంకొకరు. ఆయన వెనక ఇంకొకరు. ఆ రోజు మజ్జిగ సముద్రం నీళ్ళలా అయిపోయిందంటారు. అయినా ఒక్కరూ పారబోయలేదు, ముఖం చిట్లిస్తూనే తాగారు. మరుసటి ఏడు బాలిరెడ్డి గుండిగ పక్కన ఒక రాతి తొట్టి చెక్కించి పెట్టాడు. ఉప్పు తొట్టిలో వెయ్యండి, గుండిగలోకి చిటికెడే, అని గట్టిగా చెప్పాడు. ఆయన చెప్పిన తీర్పుల్లో జనం ఒప్పుకున్నది అదొక్కటే.

ఓబుళమ్మా పోయింది, బాలిరెడ్డీ పోయాడు. పందిరి ఉంది. తొట్టి ఉంది. ఇప్పటికీ ఎర్రకొండకి నడిచేవాళ్ళు కొంగున చిటికెడు ఉప్పు కట్టుకుని బయల్దేరతారు. ఎవరికి వాళ్ళే వేస్తారు, ఒకరి చేతికి ఇవ్వరు. ఆ చుట్టుపక్కల కళాయి వేసేవాళ్ళు పాత్ర తిరిగిచ్చేటప్పుడు అడుగున నాలుగు ఉప్పురాళ్ళు వేసి ఇస్తారు, వాటికి వెల అడగరు. వడ్రంగో, కంసాలో, కుమ్మరో అనుకున్నదానికన్నా ఎక్కువ అడిగితే అక్కడి ఆడవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమయ్యా, ఇందులో లాలప్ప ఉప్పు కూడా కలిపినావా?" అంటారు. అడిగినవాడు నవ్వాల్సిందే, నవ్వి కాస్త తగ్గాల్సిందే.

మీరూ ఎప్పుడన్నా ఆ దారిన పోతే మలుపు దగ్గర ఆగండి. దోసిలి పట్టండి, మూడు దోసిళ్ళు తాగండి. మూతి తుడుచుకుని, తొట్టిలో మీ చిటికెడు వేసి అడగండి:

"లాలప్ప లెక్క తీరిందా?"

గరిటె పట్టుకున్నవాళ్ళు నాలుక్కి రాసుకుని చెబుతారు:

"ఇంకా చాల్లేదు. వచ్చే ఏడు రా!"